ఉమ్రా టికెట్ సరే, ఫ్లూ టీకా సంగతేంటి?

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే రోజులూ, రమజాన్ ఉమ్రా బృందాలు బయల్దేరే రోజులూ ఇప్పుడు ఒక్కటవుతున్నాయి. 2026లో రమజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడింది. ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 2028లో జనవరి చివరికి, 2030లో జనవరి మొదటి వారానికి వస్తుంది. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిర్చి అమ్ముకుని అమ్మీ, అబ్బాలను ఉమ్రాకు పంపాలనుకునే కుటుంబాలకు ఇది చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం. చలి దేశాల్లోనూ, సౌదీలోనూ ఫ్లూ తిరిగే కాలం కూడా దాదాపు ఇదే. ఈ రెండో సంగతి చాలా ఇళ్లలో లెక్కలోకి రావడం లేదు.

హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారికి ఈ విషయంలో ఒక పద్ధతి ఉంది. ప్రయాణానికి ముందు శిబిరాలు పెట్టి మెనింజైటిస్ టీకా, పోలియో చుక్కలు వేస్తారు. పెద్ద వయసువారికి, జబ్బులున్నవారికి ఫ్లూ టీకా ఇస్తారు. హెల్త్ కార్డు చేతికిస్తారు. ఉమ్రా అలా కాదు. అది ప్రైవేటు ట్రావెల్స్ చేతిలో ఉన్న వ్యవహారం. ప్యాకేజీలో టికెట్, వీసా, హోటల్, భోజనం, జియారత్ అన్నీ ఉంటాయి. టీకా మాత్రం సాధారణంగా ఉండదు. అడిగేవాళ్లూ తక్కువే.

ఈ ఖాళీ ఎంత ప్రమాదమో 2024లో బయటపడింది. ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో సౌదీ ప్రయాణంతో ముడిపడిన 12 మెనింజైటిస్ తరహా కేసులు అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో నమోదయ్యాయి. వారిలో ఎక్కువమంది ఉమ్రాకు వెళ్లొచ్చినవారే. టీకా వివరాలు తెలిసినవారిలో 9 మంది అసలు టీకా వేయించుకోలేదు. సౌదీ నిబంధనల ప్రకారం ఆ టీకా హజ్‌తో పాటు ఉమ్రాకూ తప్పనిసరి. తప్పనిసరి టీకా పరిస్థితే ఇలా ఉంటే, సలహాగా మాత్రమే చెప్పే ఫ్లూ టీకాను పట్టించుకునేదెవరు?

ఫ్లూ అంటే మామూలు జలుబే కదా అనుకోవడం ఇంకో పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది ఫ్లూ వల్ల వచ్చే శ్వాస సమస్యలతో చనిపోతున్నారు. షుగర్, ఆస్తమా, గుండె జబ్బు, కిడ్నీ సమస్య ఉన్నవారికీ, 65 దాటినవారికీ, గర్భిణులకూ ముప్పు ఎక్కువ. మన దగ్గర ఉమ్రాకు వెళ్లేవారిలో పెద్ద వయసువారు, బీపీ, షుగర్ ఉన్నవారు ఎందరో ఉంటారు. అక్కడ తవాఫ్‌లో, సఈలో భుజం భుజం రాసుకుంటూ నడవాలి. ఒకే గదిలో నలుగురు, ఐదుగురు పడుకోవాలి. ఒకరికి దగ్గు మొదలైతే గదంతా దగ్గుతుంది.

2009లో స్వైన్ ఫ్లూ కూడా మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాద్‌లోనే. అమెరికా నుంచి దుబాయ్ మీదుగా వచ్చిన ప్రయాణికుడిలో దాన్ని గుర్తించారు. ఆ ఏడాది వృద్ధులు, పన్నెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, దీర్ఘకాలిక జబ్బులున్నవారు హజ్ వాయిదా వేసుకుంటే మంచిదని సౌదీయే సూచించింది.

ఇక ఖర్చు సంగతి. ఫ్లూ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో లేదు. బయట ఒక డోసు బ్రాండును బట్టి సుమారు 1,500 నుంచి 2,500 రూపాయల దాకా పడుతుంది. ఒక్కొక్కరికి లక్షకు అటూ ఇటూ ఖర్చయ్యే ప్రయాణంలో ఇది రెండున్నర శాతం లోపే. పరాయి దేశంలో నాలుగు రోజులు ఆస్పత్రి పాలైతే అయ్యే ఖర్చు ముందు ఇది లెక్కే కాదు. టీకా నూటికి నూరు శాతం కాపాడదు. వైరస్‌తో బాగా సరిపోయిన ఏడాదుల్లో కూడా డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన ముప్పును 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తుంది. పెద్దవాళ్లలో జబ్బు ముదరకుండా ఆపడమే దాని అసలు లాభం.

టీకా వేసుకున్నాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. కాబట్టి ప్రయాణానికి కనీసం పదిహేను రోజుల ముందే వేయించుకోవాలి. మెనింజైటిస్ టీకా కనీసం పది రోజుల ముందు పడాలి, దాని సర్టిఫికెట్ దగ్గరుండాలి. పోయిన ఏడాది వేసుకున్న ఫ్లూ టీకా ఈ ఏడాదికి చాలదు, ఏటా వేసుకోవాల్సిందే. టీకాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. మందుల షాపులో కొని ఎండలో సంచిలో వేసుకుని తిరిగితే పనికిరాదు. గతంలో ఏదైనా టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు ముందే డాక్టరుకు చెప్పాలి. అక్కడ గుంపులో మాస్కు పెట్టుకోవడం, చేతులు తరచూ కడుక్కోవడం, షుగర్, బీపీ మందులు సరిపడా తీసుకెళ్లడం మరవకూడదు.

తిరిగొచ్చాక ఇంకో జాగ్రత్త. జమ్‌జమ్, ఖర్జూరాలు అందుకోవడానికి చుట్టాలందరూ వస్తారు, గలే మిలతారు, పసిపిల్లలను ఒళ్లో కూర్చోబెడతారు. జ్వరం, దగ్గు ఉంటే తగ్గేదాకా ఆ ములాఖాత్ వాయిదా వేయడమే మేలు. మన ఊళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. కల్లాల దగ్గర, యార్డులో మిర్చి ఘాటుకు దగ్గు రావడం మామూలే. దాంతో ఫ్లూ దగ్గును కూడా ఘాటు దగ్గే అనుకుని వదిలేస్తారు. ఘాటు దగ్గుకు జ్వరం, ఒళ్లు నొప్పులు తోడవవు. అవి ఉంటే ఆర్‌ఎంపీ ఇచ్చే యాంటీబయాటిక్‌తో సరిపెట్టకూడదు, యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో వాడితేనే బాగా పనిచేస్తుంది. సౌదీ నుంచి వచ్చి రెండు వారాలు కాలేదన్న మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. 2012లో సౌదీలో బయటపడ్డ మెర్స్ జబ్బు కోసం కూడా ఆ వివరం కావాలి.

ఈ ఖాళీని పూడ్చడానికి పెద్ద పథకాలేం అక్కర్లేదు. ట్రావెల్స్ వాళ్లు పాస్‌పోర్టు కాపీ, ఫొటోలతో పాటు టీకా సర్టిఫికెట్ అడగడం మొదలుపెట్టాలి. మస్జిద్ కమిటీలు ఉమ్రా శిక్షణ తరగతుల్లో ఒక డాక్టరుతో పావుగంట మాట్లాడించాలి. హజ్ శిబిరాల తరహాలో జిల్లా ఆస్పత్రుల్లో ఉమ్రా యాత్రికులకూ ఒక రోజు కేటాయించమని ప్రజాప్రతినిధులను అడగాలి. అంతవరకూ ఆ బాధ్యత టికెట్ కొనే బిడ్డలదే. డబ్బు కట్టేముందు హోటల్ హరమ్‌కు ఎంత దూరమని ఎలాగూ అడుగుతారు. అదే నోటితో టీకా గురించి కూడా అడగాలి.