వాకిలి, ద్వారం, దర్వాజా

పాతబస్తీలోని ఒక జూనియర్ కళాశాలలో ద్వితీయ భాషగా తెలుగు బోధించడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు కావస్తున్నది. ఇన్నేళ్ళలో అనువాదం కోసం ఇచ్చే ఆంగ్ల వాక్యాలలో నాకు ఎక్కువ పాఠం నేర్పిన మాట ‘గేట్’. మూడేళ్ళ పిల్లవాడికి సైతం తెలిసిన మాట అది. అందుచేత దానిని తేలికైన మాట అనుకొంటాము.

ఈ మాటకు సమాధాన పత్రాలలో సాధారణంగా రెండే రూపాలు కనిపిస్తాయి. నిఘంటువు చూడనివారు ‘గేటు’ అనే ఉంచుతారు. చూసినవారు అన్నిచోట్లా ‘ద్వారం’ అని రాస్తారు. “రైతు పొలం ద్వారం తెరిచాడు” అని ఒకరు, “రైలు వచ్చే వేళకు ద్వారం మూశారు” అని మరొకరు రాస్తారు. ఈ వాక్యాలలో వ్యాకరణ దోషమేమీ లేదు. అయినా తెలుగు మాట్లాడేవారెవరూ అలా అనరు. పొలానికి ఉండేది తడిక. రైలు పట్టాల దగ్గర ఉండేది గేటే. అక్కడ ‘గేటు’ను తీసివేయాలని ప్రయత్నించడం వృథా ప్రయాస.

పర్యాయపదాలంటే ఒకే అర్థం గల పదాలని చిన్నప్పుడు మనం కంఠస్థం చేస్తాము. ‘పర్యాయం’ అంటే వంతు. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు లేచి నిలబడినట్లు, తన వంతు వచ్చినచోట నిలబడే పదం పర్యాయపదం. వరుసలో ఉన్నవారందరూ ఒక్కరే అని దీనికి అర్థం కాదు.

ఒక పల్లెటూరి ఇంటికి బయలుదేరి వెళ్ళామనుకొందాం. మొదట వచ్చేది వాకిలి. తమిళంలో ‘వాయిల్’ అన్న మాట దీనికి బంధువు. ‘వాయి’ అంటే నోరు. కనుక వాకిలి ఇంటికి నోరు వంటిదన్నమాట. అయితే తెలంగాణలో వాకిలి అంటే ఇంటి ముందరి ఆవరణ. ఊడ్చి, చల్లి, ముగ్గు వేసే చోటు. రాయలసీమలో “వాకిలి ముయ్యి” అంటే తలుపు వేయమని. ఒకే మాట మూడు సీమలలో మూడు అడుగులు ముందుకో వెనకకో జరిగింది. ఆ తరువాత ద్వారబంధం. ఇంట్లోకి పోనీయకుండా, బయటకు రానీయకుండా నిలబడి మాట్లాడే చోటు గుమ్మం. దాని కింద పసుపు పూసిన గడప. గడప అంటే అడ్డకర్ర మాత్రమే కాదు. “నలభై గడపల ఊరు” అన్నప్పుడు అది కుటుంబం. తిరుమలకు గడప కాబట్టి కడప అయిందని ఆ ఊరి పేరుకు సంప్రదాయం చెబుతుంది. మూసేది, తెరిచేది తలుపు. పెరటివైపు చిన్న వాకిలి దిడ్డి. ఇన్ని మాటలకు ఒక్క ‘గేటు’ గాని, ఒక్క ‘ద్వారం’ గాని ఎలా సరిపోతుంది?

ఇల్లు దాటి ఊరికి వస్తే మాటలు మరికొంత పెద్దవవుతాయి. కోటకూ పట్టణానికీ ఉండేది గవిని. ఇప్పటి విద్యార్థులకు ఈ మాట దాదాపుగా తెలియదు. సంస్కృతంలో గోపురమంటే పురద్వారమే. తెలుగులో అది గుడి ద్వారం మీద లేచిన కట్టడమయింది. కింది ద్వారాన్ని విడిచి మాట పైకెక్కింది. తోరణం కథ ఇంకా వింతైనది. ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణాలు తలుపులు లేని రాతి ద్వారాలు. నేడు మనం తోరణమంటే గుమ్మానికి కట్టే మామిడాకులను తలుస్తాము. ఆకులు వాడిపోతాయి, రాళ్ళు నిలిచాయి, మాట మాత్రం ఆకుల వైపే వెళ్ళింది.

ఇక నా పొరపాటు చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం అర్ధసంవత్సర పరీక్షలో హైదరాబాదు నగర ప్రాకారాన్ని గురించి నాలుగు ఆంగ్ల వాక్యాలు ఇచ్చాను. గోడలోని చిన్న గేట్ల నుంచి ప్రజలు నగరంలోకి వచ్చేవారని వాటిలో ఒక వాక్యం. ఉర్దూ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన ఒక విద్యార్థిని “జనం గోడలోని కిటికీల గుండా నగరంలోకి వచ్చేవారు” అని రాసింది. నేను ఎర్రసిరాతో మాటను కొట్టివేసి, పక్కన “కిటికీల గుండా వచ్చేవారు దొంగలు” అని రాశాను. అంతటితో ఆగక తరగతిలో చదివి వినిపించాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి గంట కొట్టాక పత్రం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది.

“సార్, మా దాదా అలాగే అంటారు. గోడలో పెద్దది దర్వాజా, చిన్నది ఖిడ్కీ.”

“ఇంట్లో మాట పరీక్షలో చెల్లదమ్మా” అన్నాను.

ఆమె మరి మాట్లాడలేదు. మార్కు ఇవ్వలేదు.

ఆమె చదువు ముగించుకొని వెళ్ళిన తరువాత, వేరే పని మీద నగరచరిత్ర చదువుతుండగా నాకు విషయం తెలిసింది. 18వ శతాబ్దిలో మొగలు సుబేదారు ముబారిజ్‌ఖాన్ ప్రారంభించగా ఆసఫ్‌జాహీల కాలంలో పూర్తయిన ఆ ప్రాకారానికి పన్నెండుకు మించి దర్వాజాలు ఉండేవి. వాటితో పాటు మనుషులు నడిచిపోయే చిన్న ద్వారాలు ఉండేవి. వాటి పేరు ఖిడ్కీలే. అంతేకాదు, సంస్కృత నిఘంటువులలో ‘ఖడక్కిక’ అన్న మాటకు పక్కవాకిలి అని అర్థం. మన కిటికీకి ఆ మాటతో చుట్టరికముంది. మొదట అది మనుషులు రాకపోకలు సాగించే చోటే. గాలికీ వెలుతురుకూ పరిమితమైంది తరువాతనే. ప్రాచీన సాహిత్యంలో పరిశోధక పట్టా పుచ్చుకొన్నవాడిని నేను. నిఘంటువు నా బల్ల మీదే ఉంది. ఆ అమ్మాయి దాదా నోటి మాటలో ఉన్నది నేను పుస్తకంలో చూడలేదు.

ఆనాటి నుంచి పాతబస్తీ పేర్లను కొంత శ్రద్ధగా వింటున్నాను. సంస్కృతంలోని ‘ద్వారం’, పారసీలోని ‘దర్’, ఆంగ్లంలోని ‘డోర్’ ఒకే మూలానికి చెందినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ‘దర్వాజా’ ఆ ‘దర్’ నుంచి వచ్చినదే. కాబట్టి ద్వారం ఉండగా దర్వాజా ఎందుకని కోపగించుకొనేవారు అన్నదమ్ముల మధ్య తగవు పెడుతున్నారన్నమాట. వేడుక ఏమిటంటే, ‘గేట్’ ఈ కుటుంబంలోనిది కాదు. ఇంగ్లండులోని యార్క్ నగరంలో వీధుల పేర్ల చివర ‘గేట్’ అని ఉంటుంది. అది వీధి అనే అర్థం గల వేరొక మాట. ఉత్తర ఐరోపా నుంచి వచ్చినవారు తెచ్చినది. ఆ నగరప్రాకారపు ద్వారాలనేమో ‘బార్’ అంటారు. అక్కడ మికిల్‌గేట్ అంటే వీధి. మికిల్‌గేట్ బార్ అంటే ద్వారం. మన దగ్గర ద్వారం పోయి పేట మిగిలింది. బోనాలకు పేరుపొందిన లాల్‌దర్వాజాలో నేడు కనిపించేది ఇళ్ళూ గుడీ మాత్రమే. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద ప్రాకారాన్ని దెబ్బతీసింది. తరువాత రహదారుల కోసం మరికొన్ని ద్వారాలు కూలాయి. నేడు నిలిచినవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు రెండే. చార్మినార్ దగ్గరి చార్‌కమాన్‌ను కూడా గేట్లని అనువదిస్తారు. కమాన్ అంటే విల్లు. ఫిడేలు వాయించే కర్రకు కూడా మన సంగీతజ్ఞులు కమాను అనే పేరే వాడుతారు. ‘గేట్’ అన్నంతనే ఆ వంపు పోతుంది.

‘గేటు’ వద్దని నేను అనడం లేదు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 26 గేట్లున్నాయి. వాటిని ఎత్తారన్న వార్త విని రైతు సంతోషిస్తాడు. ఆ మాటకు బదులు మరొకటి వెతకనక్కరలేదు. ఊరి చెరువుకు మాత్రం తూము ఉండగా గేటనడం అనవసరం. శాస్త్ర గ్రంథాలు తెలుగులోకి తెచ్చిన పెద్దలు ఈ విషయంలో మనకంటె జాగ్రత్తగా ఉన్నారు. గుండెలోని ‘వాల్వ్’ను వారు కవాటమన్నారు. ఆంగ్లంలోని ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి తలుపు రెక్క అని అర్థం. సంస్కృతంలో కవాటమన్నా తలుపు రెక్కే. జీవశాస్త్రం చదివే విద్యార్థులు ద్విపత్ర కవాటం, త్రిపత్ర కవాటం అని వల్లెవేస్తారు గాని, తమ గుండెలో తలుపులున్నాయని గమనించరు.

నా అభ్యంతరం వేరు. తెలుగు పత్రంలో ‘గేటు’ అని రాస్తే మనం మార్కు తగ్గించము. ‘దర్వాజా’ అని రాస్తే కలము ఆగుతుంది. ఒకటి ఆధునికమనీ రెండవది పరాయిదనీ మన మనసులో ఎక్కడో ఉంది. తెలంగాణ పల్లెలలో కొత్త ఇల్లు కట్టుకొనేవారు మంచి రోజు చూసి, పసుపు కుంకుమలు పెట్టి, దర్వాజా నిలబెడతారు. పసుపు పూసుకొన్న మాట పరాయిది ఎలా అవుతుంది? పాతబస్తీ పిల్లలు తెలుగు తరగతికి ఖాళీ చేతులతో రారు. ఇంటి నుంచి తెచ్చిన మాటలను వారు గుమ్మం దగ్గరే విడిచి లోపలికి రావాలని మనం శాసిస్తున్నాము. అవి తీసుకొని లోపలికి వస్తేనే గదా, ఏది తెలుగులో ఇమిడింది, ఏది ఇమడలేదు అని చూడగలిగేది!

గత సంవత్సరం అదే అనువాదాన్ని మళ్ళీ ఇచ్చాను. మూల్యాంకనం కోసం రాసుకొన్న సూచనలలో కిటికీ, ఖిడ్కీ, దిడ్డి మూడింటినీ చేర్చాను. ఒక విద్యార్థి “దబీర్‌పురా దర్వాజా కింద నుంచి” అని రాశాడు. ‘గుండా’ అనవలసిందని నా సహాధ్యాపకుడి వాదం. కమాను కింద నడిచేవాడికి ‘కింద’ అన్నదే సరైన మాట అని నా వాదం. ఆ పత్రం ఇంకా మా ఇద్దరి బల్లల మధ్య తిరుగుతున్నది.