కోసిన పచ్చిక.. చెత్తకుప్ప పాలు

పచ్చిక పెంపకానికి వేలాది రూపాయలు వెచ్చిస్తున్న కార్యాలయాలు, కళాశాలలు, అపార్టుమెంట్లు కోసిన గడ్డిని ఏం చేయాలన్న విషయానికి వచ్చేసరికి చేతులెత్తేస్తున్నాయి. కడియం నర్సరీల నుంచి చాపల్లా తెచ్చి పరిచిన లాన్ వానాకాలంలో వారం, పది రోజులకే కోతకు వస్తుంది. యంత్రం నడిచిన సాయంత్రానికి ప్రహరీ వెంట గుట్ట లేస్తుంది. అది పురపాలక ట్రాక్టరులో డంపింగ్ యార్డుకు చేరుతుంది, లేదా ఎండాక అక్కడే నిప్పుకు ఆహుతవుతుంది.

తోట వ్యర్థాలను ఆవరణలోనే విడిగా నిల్వ చేయాలని, వీధుల్లో, బహిరంగ స్థలాల్లో చెత్త కాల్చరాదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు నిర్దేశించాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెత్త తగలబెడితే రూ.5 వేలు, పెద్దఎత్తున అయితే రూ.25 వేలు పరిహారం వసూలు చేయాలని ఆదేశించింది. అయినా పొగ ఆగలేదు. దానిని పీల్చేది మాత్రం పారిశుద్ధ్య కార్మికులు, చుట్టుపక్కల కాలనీవాసులే.

పచ్చి గడ్డి బరువులో సుమారు 80 శాతం నీరే. అంటే పురపాలక సంఘం డీజిలు పోసి మరీ నీటిని ఊరవతలికి తరలిస్తున్నట్లే లెక్క. ఎండు బరువులో 3 నుంచి 4 శాతం వరకు నత్రజని, దానితోపాటు పొటాష్, కొంత భాస్వరం ఉంటాయి. ఈ సారాన్ని పారబోసి, ఆ లాన్‌కే మళ్లీ యూరియా కొనడం విడ్డూరం.

ఆకు ఎత్తులో మూడో వంతుకు మించకుండా, తడి లేనప్పుడు కోస్తే ముక్కలను అక్కడే వదిలేయవచ్చు. అవి కొద్ది రోజుల్లోనే మట్టిలో కలుస్తాయి. వానల్లో ముద్దలు కట్టిన గడ్డిని మాత్రం ఎత్తక తప్పదు. దానిని ఒక్కదాన్నే కుప్ప వేస్తే గాలి ఆడక కుళ్లి కంపు కొడుతుంది. ఒక గంప గడ్డికి రెండు గంపల ఎండుటాకు కలిపి, అప్పుడప్పుడు తిరగేస్తే కంపోస్టు తయారవుతుంది. శిశిరంలో రాలిన ఆకునంతా తగలబెట్టి, శ్రావణంలో ఎండుటాకు లేదని వాపోవడమే ఇక్కడి అసలు చిక్కు. ఆకును గోతాల్లో దాచేందుకు ఓ రేకుల షెడ్డు మూల చాలు.

పశువులకు వేస్తే సరిపోతుందన్న వాదన అన్నివేళలా చెల్లదు. సన్నగా తెగిన గడ్డి కుప్పలో త్వరగా వేడెక్కి పులిసిపోతుంది, మేసిన పశువుకు కడుపుబ్బరం వచ్చే ప్రమాదముంది. కలుపుమందు చల్లిన లాన్ గడ్డిని అసలే వేయరాదు.

కోత పనిని కాంట్రాక్టుకిచ్చే కార్యాలయాలు గడ్డిని ఆవరణలోనే ఎరువుగా మార్చాలన్న షరతును టెండరులో చేర్చి, ఆ పనికి వేరుగా కూలి కట్టిస్తే ట్రాక్టరు గేటు దాకా రావాల్సిన అవసరం ఉండదు.