మద్దెల ఓడు కాదు

ఆడలేక మద్దెల ఓడు అన్నారట వెనకటికెవరో. కంప్యూటరు లాబొరేటరీలో ఓ గంటసేపు కూర్చుని చూడండి. ఈ సామెత ఎవరి నోటా రాకపోయినా దాని అర్థం మాత్రం పదిసార్లు చెవిన పడుతుంది. "ఈ సిస్టమే అంత", "ఈ భాషే తిక్క భాష", "నిన్న పనిచేసింది సార్, ఇవాళ ఎందుకో చెయ్యటంలేదు". ఇంత మాట్లాడేవాళ్ళలో, తెర మీద కంప్యూటరు రాసిన రెండు వాక్యాల్ని పూర్తిగా చదివినవాళ్ళు ఎందరు? ఆ చదవకపోవటం గురించే ఈ వ్యాసం. ఉదాహరణకి పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషని తీసుకున్నాను. కారణం ముందుముందు తెలుస్తుంది.

భాషాశాస్త్రం చదువుకున్న లారీ వాల్ అనే అమెరికన్ 1987 డిసెంబరులో పెర్ల్ ని లోకానికి ఇచ్చాడు. ఇప్పుడు మనం వాడుతున్న అయిదో పెర్ల్ 1994లో వచ్చింది. గుట్టలకొద్దీ పాఠం ఉన్న ఫైళ్ళలోంచి కావలసిన ముక్కలు ఏరటం, వాటిని వరసలో పెట్టటం, లెక్కకట్టి నివేదిక తియ్యటం దీని అసలు పని. మానవ జన్యుపటం తయారుచేసిన రోజుల్లో ఒక్కో ప్రయోగశాల ఒక్కో రూపంలో పంపిన సమాచారాన్ని కలిపి కుట్టటానికి ఈ భాష ఎలా అక్కరకొచ్చిందో లింకన్ స్టైన్ అనే శాస్త్రజ్ఞుడు 1996లోనే ఒక వ్యాసంలో వివరించాడు. "ఆ భాష చచ్చిపోయింది కదండీ" అంటారు మన మిత్రులు కొందరు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తగ్గిన మాట నిజమే. కాని డెబియన్ లినక్సు మూలవ్యవస్థలో అది ఇవాళ్టికీ తప్పనిసరి భాగం. చిప్ డిజైను చేసేచోట పాత పెర్ల్ స్క్రిప్టులు ఇంకా బండి లాగుతూనే ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన మన పూర్వవిద్యార్థుల్ని అడగండి. వాళ్ళ చేతికొచ్చే మొదటి పని చాలాసార్లు కొత్తది రాయటం కాదు, ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయినదాన్ని బాగుచెయ్యటం.

ప్రోగ్రాములో వచ్చే తప్పులు రెండు జాతులు. కొన్ని కేకవేసే తప్పులు, కొన్ని నోరు మెదపని తప్పులు. మనవాళ్ళు భయపడేది మొదటి జాతికి. నిజంగా భయపడవలసింది రెండో జాతికి.

కేకవేసే తప్పు ఎప్పుడూ మిత్రుడే. ఒక వాక్యం చివర సెమికోలన్ మరిచిపోయామనుకోండి. పెర్ల్ సాధారణంగా ఆ తర్వాతి వరస నంబరు చూపిస్తుంది. ఆ వరసనే అరగంటసేపు తేరిపార చూసి "ఇందులో తప్పేమీ లేదే" అని నిట్టూరుస్తాం. అక్కడ నిజంగానే తప్పు లేదు, తప్పు పై వరసలో ఉంది. భాషకి తేడా తెలిసిన చోటు వేరు, మనం తప్పు చేసిన చోటు వేరు. ఒకేసారి ఇరవై తప్పులు కనపడితే మొదటిదాన్ని మాత్రమే సరిచేసి మళ్ళీ నడపాలి. మిగిలినవాటిలో సగం దాని పిల్లలే అయివుంటాయి. ఫలానా మాడ్యూలు దొరకలేదని పెర్ల్ మొత్తుకున్నప్పుడు తాను ఏయే డైరెక్టరీల్లో వెతికిందో కూడా అక్కడే రాస్తుంది. ఆ జాబితా చదివితే సగం పని అయినట్టే. పాత స్క్రిప్టు పక్కనే ఉన్న మాడ్యూలుని ఇదివరకు పట్టుకునేది, ఇప్పుడు పట్టుకోవటం లేదంటే దానికీ కారణం ఉంది. 2017లో వచ్చిన 5.26 నుంచి, భద్రత కోసం, మనం నిలబడివున్న డైరెక్టరీని ఆ జాబితాలోంచి తీసేశారు. "నిన్న పనిచేసింది" అన్న మాటకి ఇంత స్పష్టమైన జవాబు ఉంటే మనం దయ్యాలమీద నెపం వేస్తున్నాం.

ఇక నోరు మెదపని తప్పుల సంగతి. పెర్ల్ మహా మర్యాదస్తురాలు. మీరేం చెప్పినా "ఇలా అనుకుని ఉంటారులే" అని సర్దుకుపోతుంది. ఆ సర్దుబాటులోనే ప్రమాదం ఉంది.

మార్కుల జాబితా ఒకటి మన చేతికి వచ్చిందనుకుందాం. 100, 98, 35, 9 అనే మార్కుల్ని పెద్దనుంచి చిన్నకి పేర్చమన్నాం. సార్ట్ చేసి రివర్స్ చేశాం. వచ్చే వరస ఏమిటో తెలుసా? 98, 9, 35, 100. పెర్ల్ లో సార్ట్, వేరే చెప్పకపోతే, అంకెల్ని కూడా నిఘంటువులో మాటల్లాగే అక్షరక్రమంలో పేరుస్తుంది. తొమ్మిది మార్కులవాడు రెండో ర్యాంకు, నూటికి నూరు తెచ్చుకున్నవాడు అట్టడుగున. నాలుగు పేర్లయితే కంటికి తెలుస్తుంది. నాలుగువేల పేర్లలో ఎవరు చూడొచ్చారు? అంకెల్ని అంకెల్లా పోల్చమని స్పేస్‌షిప్ గుర్తుతో చెప్పాలి, అంతే మందు.

హాల్ టికెట్టు నంబర్లు చూడండి. రెండు నంబర్లు ఒకటేనా అని జంట సమాన గుర్తుతో అడిగామనుకోండి. ఆ గుర్తు అంకెలకి మాత్రమే. మాటలకైతే 'ఈక్యూ' వాడాలి. 21ఏ05, 21బి07 అనే రెండు నంబర్లని అంకెలుగా చూడమంటే పెర్ల్ మొదట ఉన్న 21 దాకా చదివి, అక్షరం తగలగానే ఆగిపోతుంది. 21, 21 సమానమే కదా అంటుంది. ఇద్దరు వేరువేరు విద్యార్థులు ఒక్కరైపోయారు. మధ్యలో ఉన్నది ఇంగ్లీషు 'ఇ' అక్షరమైతే ఇంకా చోద్యం. 21ఇ05 అంటే 21 పక్కన అయిదు సున్నాలు, అంటే ఇరవైఒక్క లక్షలు అని లెక్కవేసుకుంటుంది. వార్నింగులు పెట్టుకున్నా ఇక్కడ హెచ్చరిక రాదు, ఎందుకంటే దాని దృష్టిలో అది సలక్షణమైన అంకె.

పరీక్షకి రానివాడి గడి ఖాళీగా ఉంటుంది. కూడేటప్పుడు పెర్ల్ ఆ ఖాళీని సున్నా అనుకుంటుంది. రాకపోవటమూ, వచ్చి సున్నా తెచ్చుకోవటమూ ఒకటేనా? సగటు కట్టేవాడికి ఆ తేడా తెలియాలి. వార్నింగులు పెట్టుకుంటే, విలువే ఇవ్వని చోట ఒక హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరిక చికాకు పెడుతోందని దాన్ని నోరు మూయించేవాళ్ళూ ఉన్నారు. ఇల్లు కాలుతుంటే కుక్క మొరుగుతోందని కుక్కని కొట్టటం లాంటిది ఇది.

ఫైలు తెరవటం సంగతీ అంతే. పేరు తప్పు రాస్తే ఫైలు తెరుచుకోదు. కాని మనం అడగకపోతే పెర్ల్ చెప్పదు. ఖాళీ ఫైలు చదివినట్టే ముందుకు పోతుంది. అందుకని "తెరువు, లేదా చావు" అని రాస్తారు. ఆ 'లేదా'కి ఇంగ్లీషు 'ఆర్' అనే మాట వాడాలి. ఓపెన్ కి కుండలీకరణాలు లేకుండా రెండు నిలువు గీతలు వాడితే అవి ఫైలు పేరుని మాత్రమే పట్టుకుంటాయి, ఓపెన్ ని కాదు. అప్పుడు కాపలా ఉన్నట్టే ఉండి లేనట్టవుతుంది.

ఒక బ్లాకులో రెండు నమూనాలు వరసగా వెతికామనుకోండి. మొదటిది పేరు పట్టుకుంది, రెండోది మార్కులు పట్టుకోలేకపోయింది. అయినా డాలరు ఒకటి అనే చరరాశిలో పాత విలువ అలాగే ఉంటుంది. మార్కులు రావలసిన గడిలో పేరు కూర్చుంటుంది. నమూనా దొరికిందా లేదా అని 'ఇఫ్'తో అడిగిన తర్వాతే ఆ విలువని ముట్టుకోవాలి.

విండోసులో తయారైన ఫైలుని లినక్సులో చదివితే వరస చివర కంటికి కనపడని ఒక అక్షరం మిగులుతుంది. ఛాంప్ మామూలుగా కొత్తవరస గుర్తుని మాత్రమే తీసేస్తుంది, దీన్ని ముట్టదు. చూడటానికి రెండు పేర్లూ ఒకటే, పోలిస్తే మాత్రం కాదు. విలువకి అటూ ఇటూ చదరపు కుండలీకరణాలు పెట్టి ముద్రిస్తే దొంగ దొరికిపోతాడు. ముద్రించిన కుండలీకరణం చోటు తప్పితే వాడి జాడ తెలిసినట్టే.

మన భాషకి సంబంధించిన ముచ్చట ఒకటుంది. 'తెలుగు' అనే మాట పొడవెంత అని పెర్ల్ ని అడగండి. స్క్రిప్టులో యుటిఎఫ్-8 వాడుతున్నామని చెప్పకపోతే 18 అంటుంది. చెబితే 6 అంటుంది. మనం పలికే అక్షరాలేమో మూడు. మూడూ నిజాలే. పద్దెనిమిది బైట్లు, ఆరు సంకేతాలు (త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం), మూడు అక్షరాలు. తెలుగు పేర్లు తెర మీద గజిబిజిగా వచ్చినప్పుడు "తెలుగు కంప్యూటరుకి పనికిరాదు" అనేస్తాం. లోపలికి వచ్చేటప్పుడు బైట్లని సంకేతాలుగా, బయటికి పోయేటప్పుడు సంకేతాలని బైట్లుగా మార్చమని చెప్పకపోవటమే అసలు లోపం. ఇక్కడా మద్దెల ఓడు కాదు.

ఈ తప్పులు చిన్నపిల్లలవే అనుకోకండి. తేదీ ఇచ్చే లోకల్‌టైమ్ అనే ఫంక్షను సంవత్సరాన్ని 1900 తీసేసి ఇస్తుంది. దాని ముందు 19 అని అతికించి రాసిన స్క్రిప్టులు 1999 దాకా చక్కగా నడిచాయి. 2000 జనవరి ఒకటిన కొన్నిచోట్ల 19100 సంవత్సరం వచ్చేసింది! డాక్యుమెంటేషన్ లో ఉన్న విషయాన్ని చదవని ఫలితమది.

వీటిలో చాలా రోగాలకి ముందుజాగ్రత్త రెండే వాక్యాలు, స్క్రిప్టు నెత్తిన యూజ్ స్ట్రిక్ట్, యూజ్ వార్నింగ్స్. 2022లో వచ్చిన 5.36 నుంచి ఆ వెర్షనే వాడుతున్నామని ఒక్క వాక్యం రాస్తే రెండూ వచ్చేస్తాయి. డయాగ్నస్టిక్స్ అనే మాడ్యూలు పెట్టుకుంటే ప్రతి హెచ్చరికకీ పాఠంలాంటి వివరణ ఇస్తుంది. నడపకుండా వ్యాకరణం మాత్రం చూసే సదుపాయం ఉంది, ఒక్కో వరస ఆగి ఆగి నడిపే డీబగ్గరు ఉంది. అన్నీ ఉచితం. లేనిదల్లా వాటిని వాడే అలవాటు.

ఆ అలవాటు ఎందుకు లేదు? ఇక్కడే నా అభిప్రాయం చెప్పాలి. తప్పు విద్యార్థిది మాత్రమే కాదు, మన పరీక్షది. ప్రాక్టికల్ పరీక్షలో మనల్ని అడిగేది ఒక్కటే. "అవుట్‌పుట్ వచ్చిందా?" వస్తే మార్కులు, రాకపోతే లేవు. అందుకని వచ్చే ప్రోగ్రాముని బట్టీపడతాం. సీనియర్ల రికార్డు చూసి మన రికార్డు నింపుతాం. ఈమధ్య తప్పు సందేశాన్ని చదవకుండానే కృత్రిమ మేధ ముందు పడేసి అది ఇచ్చిన జవాబుని అతికిస్తున్నాం. అడగటం తప్పని నేననను. అడిగినదానికి వచ్చిన జవాబు ఒప్పో తప్పో తేల్చగల చూపు ముందు మనకుండాలంటాను. నోరు మెదపని తప్పుని మీరు పట్టుకోకపోతే దాని ముందు మీరు పెట్టే ప్రశ్నేమిటి? అన్నీ బాగున్నట్టే కనపడుతుంటే అడగాలన్న ఆలోచనే రాదు.

అందుచేత మూడు సూచనలు. ప్రాక్టికల్ పరీక్షలో సగం మార్కులు ఒక చెడిన ప్రోగ్రాముని బాగుచెయ్యటానికి కేటాయించాలి. బాగుపడినా పడకపోయినా, రోగం ఎక్కడుందో ఏ ఆధారంతో తేల్చారో రాసినదానికి మార్కులివ్వాలి. రెండు, ప్రతి రికార్డులోనూ ఒక తప్పుల పుట ఉండాలి. ఏ సందేశం వచ్చింది, ఏమనుకున్నాం, చివరికి ఏమని తేలింది అన్న మూడు గడులు చాలు. సీనియర్ల రికార్డులోంచి దాన్ని ఎక్కించటం కష్టం, ఎవరి తప్పులు వాళ్ళవి కనుక. మూడు, విద్యార్థి సంఘం వారానికో సాయంత్రం ఏర్పాటుచేసి, పై తరగతివాళ్ళు కింది తరగతివాళ్ళ పక్కన కూర్చుని, కీబోర్డు ముట్టకుండా, ప్రశ్నలు మాత్రమే వెయ్యాలి.

"ఇంతమంది విద్యార్థులకి ఇలా మార్కులు వెయ్యటం అయ్యే పనేనా?" అని లెక్చరర్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. భారం పెరుగుతుంది, కాదనను. కాని యాభైమంది రాసిన ఒకే ప్రోగ్రాముని యాభైసార్లు దిద్దటం కూడా భారమే. పైగా నిష్ఫలమైన భారం. "సిలబసులో ఉన్నది పైథాను, పెర్ల్ ఎందుకు?" అని మిత్రులు అడగవచ్చు. పైథాను మాటనీ అంకెనీ కలపబోతే చాలాచోట్ల ఒప్పుకోదు, మంచిదే. అయినా ఫైలులోంచి చదివిన మార్కుల్ని అంకెలుగా మార్చకుండా పేర్చితే అక్కడా నూరు కిందికే పోతుంది. భాష మారుతుంది, అజాగ్రత్త మారదు. మర్యాదకి ఏమీ అనని పెర్ల్ దగ్గర జాగ్రత్త నేర్చినవాడు ఎక్కడైనా నెగ్గుకొస్తాడు. దాన్ని ఉదాహరణగా తీసుకోవటానికి కారణం ఇదే.

మిత్రులారా! రేపు మనలో ఎవరో ఒకరు ఒక పరీక్షల విభాగానికో, ఆస్పత్రికో, బ్యాంకుకో స్క్రిప్టు రాస్తారు. అందులోని నోరు మెదపని తప్పు మనకి ఒక వరస మాత్రమే. అవతల ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లవాడికి అది పోయిన సీటు, పోయిన ఏడాది. తన మార్కులు ఎందుకు తగ్గాయో అతనికి ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే తప్పు జరిగినట్టు ఎవరికీ తెలియదు. తెర మీద వచ్చిన రెండు వాక్యాల్ని ఓపికగా చదవటం ఆ పిల్లవాడికి మనం బాకీ ఉన్న మర్యాద. అది వచ్చే టర్ము నుంచే మొదలుపెడదాం.