గ్రీజు చేతికి పిల్లనివ్వరా?

మా ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. అంతా బంగారు అంగళ్ళ పుణ్యం. పెళ్ళిళ్ళ కాలంలో ఆ అంగళ్ళలో కూర్చున్న మన ఆడవాళ్ళను చూడాలి. తరుగు ఇంత, మజూరీ ఇంత అని అంగడాయన కాగితం మీద రాసిస్తే ఒకటికి రెండుసార్లు గొణుగుతాం గాని, చివరికి సంచీ విప్పి ఇచ్చేసే వస్తాం. పనితనం కదా మరి! అదే మన కారుకో స్కూటరుకో సొట్ట పడి టింకరు మేస్త్రీ దగ్గరకు పోయామనుకోండి, "ఈ మాత్రం రేకు కొట్టడానికి ఇంత డబ్బా?" అని అక్కడే నిలబడి సగానికి బేరమాడతాం. సుత్తి బంగారం మీద పడితే పనితనం, ఇనుము మీద పడితే కూలి. ఈ పంక్తిభేదం మనకు ఎవరు నేర్పారో గాని, బాగా వంటబట్టింది.

నాకింత కోపం తెప్పించింది ఒక ముసలి మేస్త్రీ. పాపం, ఆయన తప్పేమీ లేదు. జమ్మలమడుగు రోడ్డున ఆయనకో రేకుల షెడ్డు. యాభై ఏళ్ళుగా అందులో లారీలకు బాడీలు కడుతున్నాడు. లారీ అంటే అంగట్లో ఉన్నపళాన కొనుక్కొచ్చేదని మనలో చాలామంది అనుకుంటారు. చాలాకాలం కంపెనీవాళ్ళు ఇచ్చింది ఇంజనూ, చక్రాలూ, చట్రమూ, అంతే! వెనక కనిపించే ఇల్లంతా ఇలాంటి షెడ్లలో కట్టినదే. అందులోనూ ఎవరి కొలతలు వాళ్ళవి. జమ్మలమడుగు వైపు నాపరాళ్ళు మోసే బండికి అడుగు గట్టిగా ఉండాలి. పులివెందుల అరటిగెలలకూ చీనీకాయలకూ గాలి ఆడాలి కాబట్టి పక్కలు సందులు సందులుగా బిగించాలి. మనం దర్జీకి రవికె కొలతలు చెప్పినట్టే, లారీ గలాయన వచ్చి తన సరుకు సంగతి చెప్పిపోతాడు. మిగతాది మేస్త్రీ తలలో ఉంటుంది.

మావారి కారు తలుపు నొక్కుకుపోతే ఆయన దగ్గరికే తీసుకుపోయాం. అరగంటలో వచ్చేద్దామని పోయి పూటంతా స్టూలు మీద కూర్చుండిపోయాను. డెబ్బై దాటిన మనిషి. ముందు సుత్తి ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుని అరచేత్తో తలుపంతా నిమిరాడు, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు. "కండ్లకు కనపడదమ్మా, చేతికి తెలుస్తాది" అన్నాడు. తర్వాత లోపలివైపు ఇనుప దిమ్మె ఆనించి, బయట సుత్తితో మెల్లమెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. బలం చూపించే పనేమో అనుకున్నాను గాని, దెబ్బ ఎక్కడ ఆపాలో తెలిసిన పని అది.

ఒకచోట రేకు సాగిపోయి పూరీలా పొంగింది. ఎంత తట్టినా దిగదు. అప్పుడు గ్యాసు మంటతో అక్కడ రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కాల్చి, నాలుగు దెబ్బలు తట్టి, తడిగుడ్డ అద్దాడు. చుయ్యిమంది. పొంగు చక్కగా కూర్చుంది!

"ఇదెక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాను.

"మా నాయన జమ్మలమడుగులో ఎద్దులబండ్లు చేస్తాండె. చక్రానికి పట్టా వేసేది చూడలేదామ్మా నువ్వు?"

చూశాను, చిన్నప్పుడు. కొయ్యచక్రం కన్నా రవ్వంత చిన్నదిగా ఇనుప పట్టా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. వేడికి పెరిగిన పట్టాను నలుగురు పట్టుకొచ్చి చక్రానికి తొడిగి, గబగబా నీళ్ళు గుమ్మరిస్తారు. పట్టా చల్లారి ముడుచుకుంటూ ఆకులనన్నింటినీ బిగించేస్తుంది. మేకు అక్కరలేదు, బంక అక్కరలేదు. ఆ బండిచక్రం విద్యే నా కళ్ళముందు కారు తలుపు మీదికి వచ్చింది. పులివెందులలో 2006లో, ప్రొద్దుటూరులో 2008లో ఇంజనీరింగు కాలేజీలు వచ్చాయి. మంచిదే. వేడికి ఇనుము వ్యాకోచిస్తుందని పిల్లలు అక్కడ పరీక్షల్లో రాస్తారు, మార్కులూ వస్తాయి. ఆ పరీక్ష రాసినవాడు అల్లుడుగా పనికొస్తాడు. ఆ వ్యాకోచాన్ని చేత్తో పట్టుకుని అన్నం తినేవాడు మాత్రం గడప బయటే.

అమెరికాలో 1950 నుంచీ ఇలా చేత్తో మలిచిన కార్లకు ఏటేటా ప్రదర్శన పెట్టి, అందమైనదానికి బహుమతి ఇస్తున్నారు. జార్జ్ బారిస్ అనే ఆయన 1955 నాటి ఒక నమూనా కారును ఒక్క డాలరుకు సంపాదించి, కోసి, అతికి, 1966లో టీవీలో వచ్చిన బ్యాట్‌మాన్ సీరియలుకు బండిగా మార్చాడు. 2013లో అది వేలంలో 40 లక్షల డాలర్ల పైచిలుకు పలికింది. అంత దూరం ఎందుకు? హైదరాబాదులో జూపార్కు దగ్గర సుధాకర్ గారు 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం ఉంది. 2005లో ఆయన తొక్కి చూపించిన మూడుచక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. వంకాయ కారు, బర్గరు కారు, కెమెరా కారు, అన్నీ నడిచేవే. 2012లో మహిళా దినోత్సవానికని మనకోసం హ్యాండ్‌బ్యాగు కారూ, ఎత్తుమడమల చెప్పు కారూ చేశారు. (నన్నడిగి ఉంటే వెట్‌గ్రైండరు కారు చేయమనేదాన్ని.) సెలవుల్లో పిల్లల్ని తీసుకుపోయి టిక్కెట్టు కొని చూస్తాం, ఫోటోలు దిగుతాం, ఔరా అంటాం. ఇంటికొచ్చాక అదే పిల్లవాడు పాత సైకిలు విప్పుకుని కూర్చుంటే "ఏరా, మెకానిక్కువవుతావా?" అని వీపున ఒకటి వేస్తాం. సుధాకర్ గారు కూడా చిన్నతనంలో పాతసామాన్లతో సైకిలు చేసుకునే మొదలుపెట్టారు మరి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ షెడ్డులోనే మేస్త్రీ మనవడిని చూశాను. ఐటీఐ చదివి తాత దగ్గరే పని చేస్తున్నాడు. నాకు వెంటనే పులివెందులలో టీచరుగా ఉన్న మా అక్కయ్య కూతురు గుర్తుకొచ్చింది. కులగోత్రాలు కుదిరినవే (ముందే చెబుతున్నాను, లేకపోతే మీరు దాని గురించే ఆలోచిస్తూ తక్కినది చదవరు). తాగుడు లేదు, పేకాట లేదు. నెలకు చేతికొచ్చేది మా బావగారి పెన్షను కన్నా ఎక్కువే. అయినా మా అక్కయ్యది ఒకటే మాట. "ఏమే, గ్రీజు చేతులోనికిస్తామా పిల్లను? నలుగురడిగితే ఏం జెప్పాల?"

బావగారు కాస్త పద్ధతిగా మాట్లాడారు. ఇప్పుడు కంపెనీలే లారీలు పూర్తిగా కట్టి ఇస్తున్నాయట. పైగా కంపెనీ ఇచ్చిన రూపం ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందట. కాబట్టి ఈ షెడ్లు ఎన్నాళ్ళు? నిజమే, ఆ తీర్పు మంచిదే. రోడ్డు మీద నలుగురి ప్రాణాల సంగతి అది. మేస్త్రీ కూడా లెక్కప్రకారమే కట్టి ఆర్టీవో ఆఫీసులో చూపించుకుంటాడు. కానీ నొక్కుకుపోయే తలుపులు ఏ కోర్టు చెబితే నొక్కుకోకుండా ఉంటాయి? అసలు ఈ ఎన్నాళ్ళు అనే ప్రశ్న బెంగుళూరులో కంప్యూటరు ముందు కూర్చునే సంబంధం వచ్చినప్పుడు బావగారు ఎందుకు అడగలేదు? ఆ అబ్బాయి ఉద్యోగం పోయి ఆరునెలలయిందని తర్వాత తెలిసింది. చేతులు మాత్రం తెల్లగానే ఉన్నాయి.

గ్రీజు కిరసనాయిలుతో తుడిచి సబ్బు రాస్తే పోతుంది. ఈ సంగతి మా అక్కయ్యకు నేను మూడుసార్లు చెప్పాను, వినలేదు. ఈ పత్రిక మాత్రం వదలకుండా చదువుతుంది, వంటల పేజీ తర్వాత ఈ పేజీయే. అందుకని ఇక్కడ రాస్తున్నాను. అక్కా, పిల్లను ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఒకసారి అడుగు. అబ్బాయి తరఫువాళ్ళు ఉగాది దాకా ఆగుతామన్నారు.