పెరటి చెట్టు పాట

మార్గళి నెల దగ్గర పడుతోందంటే చాలు, మద్రాసు బంధువుల దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. (ఊరి పేరు 1996లోనే చెన్నై అయినా మా ఇంట్లో ఇంకా మద్రాసే.) "సీజనుకి రారాదూ? పొద్దున లేచింది మొదలు రాత్రిదాకా కచేరీలే! పైగా సభల క్యాంటీన్లలో టిఫిన్లు!" అని ఊరిస్తారు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి నెల రోజులపాటు ఎవరి తోడి ఎంత బాగుందో, ఎక్కడి పొంగలి ఎంత బాగుందో చెబుతూనే ఉంటారు. అందులో తప్పేమీ లేదు. కాని అదే నెలలో మన వీధి చివర గుళ్ళో ఎవరు పాడారని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్ళు ఊరికే అన్నారా? ఈసారి ఆ పెరటి చెట్టు గురించే మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది.

రాజపాళయం అనగానే మీలో చాలామందికి కుక్కలు, నూలు మిల్లులు, బ్యాండేజి గుడ్డ గుర్తుకొస్తాయి. ఎన్నో తరాల క్రితం తెలుగు దేశం నుంచి వచ్చి, పడమటి కనుమల నీడలో స్థిరపడిన రాజుల ఊరు ఇది. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. ఈ రెండింటి మధ్య పెరిగిన మాకు సంగీతం విషయంలో ఒక అదృష్టం ఉంది. తమిళ విద్వాంసులు భక్తితో పాడే త్యాగరాజ కృతులు మాకు అమ్మ మాటల్లా అర్థమవుతాయి. ఆ అదృష్టాన్ని మేము ఎంతవరకు వాడుకుంటున్నామన్నదే ప్రశ్న.

సంగీతం పెద్ద పట్నాల సొత్తు అనుకునేవారికి మా పక్కనున్న ఎట్టయపురం చూపించాలి. కోవిల్‌పట్టి దాటితే వచ్చే చిన్న ఊరది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో తనువు చాలించింది అక్కడే. ఆ వంశంవారైన సుబ్బరామ దీక్షితులు ఆ సంస్థానంలోనే విద్వాంసులుగా ఉండి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే మహాగ్రంథం రాశారు. అది 1904లో ఎట్టయపురంలోనే అచ్చయింది. ఏ భాషలో అనుకున్నారు? తెలుగులో! దీక్షితుల కృతులు రెండు వందల ఇరవై తొమ్మిదింటిని స్వరపరచి భద్రపరచిన ఈ పుస్తకాన్ని సంగీత లోకం ఇవాళ్టికీ ప్రమాణంగా చూస్తుంది. అరవై ఏళ్ళు దాటిన ఆ పెద్దాయన చేత ఆ పని చేయించాలని పట్టుబట్టినవారు మద్రాసుకు చెందిన చిన్నస్వామి ముదలియారు. ఖర్చు భరించింది సంస్థానం. రాసినవారు ఒకరు, రాయమన్నవారు ఒకరు, డబ్బు పెట్టినవారు ఒకరు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ కృతుల్లో ఎన్ని మనదాకా వచ్చేవో!

మా ఊళ్ళోనూ అలాంటి పెద్ద మనసు లేకపోలేదు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి. ఎస్. కుమారస్వామి రాజాగారు మా ఊరివారే. ఆయన తన సొంత ఇంటిని గాంధీ కలై మన్రానికి ఇచ్చేశారు. కలై మన్రం అంటే కళా మందిరం. అంత పదవి చూసిన మనిషి ఊరికి వదిలి వెళ్ళింది కళల కోసం ఒక చోటు. చోటు ఇవ్వడం ఆయన వంతు. వచ్చి కూర్చోవడం మన వంతు.

ఇక సన్నాయి మేళం సంగతి. తమిళనాట నాదస్వరం, తవిల్ అంటారు. మా జిల్లాల్లో దీనికి గొప్ప చరిత్రే ఉంది. తిరునెల్వేలి జిల్లా కారుకురిచ్చిలో పుట్టిన అరుణాచలంగారు, టి. ఎన్. రాజరత్నం పిళ్ళైగారి శిష్యులు, 1962లో వచ్చిన "కొంజుమ్ సలంగై" చిత్రంలో ఒక పాటకు నాదస్వరం వాయించారు. దానితో పోటీపడి పాడిన గొంతు గుంటూరు జిల్లా ఆడపడుచు ఎస్. జానకిగారిది. తమిళ నాదస్వరం, తెలుగు గళం కలిసిన ఆ పాటకు దక్షిణాది అంతా తలలూపింది. మా ఊరి పెళ్ళిళ్ళలో దాన్ని వాయించమని ఇప్పటికీ చీటీలు పంపుతుంటారు.

చీటీలు పంపుతాం సరే, వింటున్నామా? నాకు తెలిసిన ఒక మేళం కుటుంబం ఉంది. తాత వాయించాడు, తండ్రి వాయిస్తున్నాడు. కొడుకు మిల్లులో షిఫ్టు పని చేస్తూ, ముహూర్తాలున్న రోజుల్లో సెలవు పెట్టి వస్తాడు. "మార్గళిలో మద్రాసులో అందరికీ సంగీతమే కదా తంబీ, మీకూ తీరిక ఉండదేమో" అన్నాను ఒకసారి. అతను నవ్వాడు. "మార్గళిలోనూ ఆడిలోనూ పెళ్ళిళ్ళు ఉండవు కదయ్యా. మాకు అవి ఖాళీ నెలలు. గుళ్ళో వాయిస్తే ప్రసాదం, కొంచెం దక్షిణ. అందుకే మిల్లు వదల్లేను" అన్నాడు. రాజధానిలో సంగీతానికి పండగైన నెల, మా వీధిలో సంగీతగాడికి పస్తుల నెల! ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. దానికి తోడు చాలా గుళ్ళలో హారతి వేళ కరెంటు మీట నొక్కితే డోలూ గంటా మోగించే యంత్రం వచ్చింది. దానికి దక్షిణ అక్కర్లేదు, సెలవూ అక్కర్లేదు. కాని దానికి రాగం రాదు.

మరో సంగతి. మా ఊళ్ళో పిల్లలకు పాట నేర్పే ఒక టీచరమ్మగారింట్లో నవరాత్రుల్లో చిన్న కచేరీ పెట్టారు. పన్నెండేళ్ళ తమిళ పిల్ల చక్కని శ్రుతితో ఒక తెలుగు కృతి అందుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి గాని, స్వామి పాదాలు కాస్తా "బాదాలు" అయ్యాయి. ముందు వరుసలో ఉన్న మనవాళ్ళు బాదంపప్పు గుర్తొచ్చి ముసిముసిగా నవ్వుకున్నారు. పిల్ల తప్పు ఏముంది? తమిళ లిపిలో ప, బ, భ అన్నిటికీ ఒకటే అక్షరం. త, ద, ధ సంగతీ అంతే. పాదమైనా బాధయినా రాతలో ఒక్కటే. అచ్చు పుస్తకాల్లో తేడా తెలియడానికి అక్షరం పక్కన చిన్న అంకెలు వేస్తారు. నోటు పుస్తకంలోకి ఎక్కించుకునేటప్పుడు ఆ అంకెలు జారిపోతాయి.

కచేరీ అయ్యాక ఆ పిల్లను పిలిచి మాట సరిచేసి, అర్థం చెప్పాను. కళ్ళు పెద్దవి చేసుకుని విని, "అయితే మామా, మిగతా పాటలకు కూడా అర్థం చెబుతారా?" అని అడిగింది. ఆ తర్వాత నెలకొక ఆదివారం టీచరమ్మగారింటికి వెళ్తున్నాను. నాకు సరిగమలు రావు. మాటలు మాత్రం వచ్చు. అర్థం తెలిశాక ఆ పిల్లలు అదే పంక్తిని పాడే తీరు మారిపోతుంది. వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది. మన ఇళ్ళల్లో పిల్లలకు మాట తెలుసు, తెలుగు అక్షరం రాదు. వాళ్ళనూ వెంట తీసుకెళ్తే పాట కోసమైనా అక్షరం పట్టుబడుతోంది.

ఒక్కరు పూనుకుంటే ఏమవుతుందని అనకండి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి శిథిలమై ఉంటే, 1920లలో తన సొంత సొమ్ముతో గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఎక్కడో అమెరికాలో క్లీవ్‌లాండులో కొద్దిమంది కలిసి 1978లో మొదలుపెట్టిన త్యాగరాజ ఆరాధన ఇవాళ ఎంత పెద్ద ఉత్సవమైందో మీకు తెలుసు. మనల్ని ఎవరూ గుళ్ళు కట్టమనడం లేదు. చిన్న చిన్న పనులే చాలు.

మీ ఊళ్ళో కచేరీ ఉందంటే వర్ణానికే వెళ్ళి కూర్చోండి. తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేవకండి. మృదంగం వాయించే మనిషికి ఆ సాయంత్రం మొత్తంలో దక్కేది ఆ కాసేపే. ప్రవేశం ఉచితమైనా హుండీలో, రసీదు పుస్తకంలో మీకు తోచింది వేయండి. మైకుకూ, వయొలిన్ విద్వాంసుని బస్సు చార్జీకీ ఉచితం అనే మాట వర్తించదు. ఇంట్లో పెళ్ళి జరిగితే ముహూర్తానికి ముందు ఒక గంట మేళానికే కేటాయించండి. ఆ గంటసేపు స్పీకరు కట్టేసి, పెద్దవాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టండి. పెళ్ళిళ్ళు లేని నెలల్లో సీమంతమో, గృహశాంతో, ఏమీ లేకపోతే గుళ్ళో ఒక సాయంత్రమో పేరు చెప్పి వాళ్ళను పిలవండి. శాలువా కప్పేటప్పుడు పక్కవాద్యాలవారికీ అదే శాలువా కప్పండి.

క్రిందటి మార్గళిలో మా వీధి నాలుగు ఇళ్ళవాళ్ళం కలిసి ఆ మేళం వారిచేత గుళ్ళో ఒక సాయంత్రం వాయించుకున్నాం. వచ్చింది నలభై మందే. కొడుకు మిల్లు నుంచి తిన్నగా వచ్చి తండ్రి పక్కన కూర్చుని కల్యాణి అందుకున్నాడు. కరెంటు యంత్రం మీట ఆ పూట ఎవరూ నొక్కలేదు. ఈ సంవత్సరం మరో ఆరు ఇళ్ళవాళ్ళు తామూ చేరతామన్నారు.

మీ ఊళ్ళో ఎవరు పాడుతున్నారో, ఎవరు వాయిస్తున్నారో, వాళ్ళకు ఏ నెల ఖాళీయో కనుక్కొని మన పత్రికకు ఒక ఉత్తరం ముక్క రాయండి. వచ్చే సంచికలో అందరం పంచుకుందాం. అందాకా సెలవు.