వరద ధరలకు ఎమ్మార్పీ ఎక్కడ?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరి పేట మునిగినప్పుడు ప్రాణాలతో ఒడ్డుకు చేరడానికీ రేటు పలికింది. నీళ్లలో చిక్కుకున్నవాళ్లను బయటకు తేవడానికి కొందరు ప్రైవేటు పడవలవాళ్లు వేల రూపాయలు అడిగారని వార్తలొచ్చాయి. పాల ప్యాకెట్టు, మంచినీళ్ల సీసా కూడా అసలు ధరకు దొరకలేదని జనం వాపోయారు.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందని అనలేం. ఎక్కువ ధరలకు అమ్మితే చర్యలు తప్పవని హెచ్చరించింది. బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు ఉచితంగా ఇస్తామంది. తక్కువ ధరకు కూరగాయలు అమ్మించింది. అయితే ఈ చర్యలు ముందుగా ఎవరికి అందుతాయన్నదే ప్రశ్న.

చట్టాలకు కొదవలేదు. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద అక్రమ నిల్వలను కలెక్టర్ జప్తు చేయవచ్చు. నేరం రుజువైతే ఏడేళ్ల దాకా జైలు. 1980 నాటి బ్లాక్ మార్కెటింగ్ నిరోధక చట్టం కింద ఆరు నెలల వరకు నిర్బంధించవచ్చు. ఎమ్మార్పీ మించి అమ్మితే తూనికలు, కొలతల శాఖ కేసు పెట్టాలి.

కానీ ఎమ్మార్పీ ఉండేది ప్యాకెట్టు మీదే. పడవకు లేదు, ట్యాంకరు నీళ్లకు లేదు, ఇల్లు కూలినవాడు వెతుక్కునే అద్దె గదికి లేదు. చేతిలో డబ్బులేని రోజున తెచ్చుకునే వడ్డీ అప్పుకు అసలే లేదు. కూలి ఆగిపోయి, కొనాల్సినవన్నీ పెరిగిన ఆ వారం రోజుల్లోనే దళిత కుటుంబం ఏళ్ల తరబడి తీర్చే అప్పులో పడుతుంది. మునిగిన ఇళ్లకు ఆ నెలలోనే ప్రకటించిన 25 వేల రూపాయల సాయంలో ఎంత భాగం ఇలాంటి బాకీలకు పోయిందో ఎవరు లెక్క తీశారు?

ఫిర్యాదు చేయొచ్చుగా అంటారు. ఊళ్లో ఉన్న ఒక్క కిరాణా కొట్టులో అరువు ఖాతా ఉన్న కూలీ, ఆ కొట్టు మీదే ఫిర్యాదు చేస్తే రేపు బియ్యం ఎవరిస్తారు? చార్జింగ్ లేని ఫోన్‌తో టోల్ ఫ్రీ నంబరుకు ఎలా చేస్తాడు? పల్లంలో ఉన్న మాల, మాదిగ వాడలు ముందు మునుగుతాయి. సరుకుల బండి మాత్రం పెద్దవీధి దాటాకే అక్కడికి వస్తుంది.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షన్ ప్రకారం సహాయానికి అవసరమైన వాహనాలను జిల్లా యంత్రాంగం పరిహారమిచ్చి స్వాధీనం చేసుకోవచ్చు. తుపాను హెచ్చరిక రాగానే పడవలు, ట్యాంకర్లను ఇలా తీసుకుంటే బేరమాడే అవసరమే రాదు. అదే చట్టం 61వ సెక్షన్ సహాయంలో కుల వివక్షను నిషేధించింది. కాబట్టి ఏ వాడకు ఏ గంటకు సరుకు చేరిందో సచివాలయం గోడ మీద రాసిపెట్టాలి. ధరల తనిఖీ బృందాలు ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా వాడల్లోకే వెళ్లి, జనం ఎంత పెట్టి కొంటున్నారో అడిగి రాసుకోవాలి.

వరద వచ్చాక చేసే హెచ్చరిక మార్కెట్‌కు వినిపిస్తుందేమో. వాడకు కావలసింది వరదకు ముందే కట్టేసిన ధర, అందరికంటే ముందు చేరే పడవ.