తెలుగు గడప దాటవలెను

మన సంఘములలో తెలుగు నిలుచునా, నిలువదా అను చర్చ ప్రతి ఉగాదికిని వచ్చును, పచ్చడితోపాటు ముగియును. తరగతులు పెట్టుదమని ఒకరు, నాటకము లాడింతమని ఒకరు, పద్యముల పోటీ జరుపుదమని మరియొకరు చెప్పుదురు. ఈ మూడును మంచివే. కాని ఈ మూడును కప్పు క్రింద జరుగునవి. మన బిడ్డల తెలుగునకు పట్టిన తెగులు సరిగా ఇదియే. అది ఇంటి కప్పు క్రింద పుట్టి, మండపపు కప్పు క్రింద ముగియుచున్నది. దానిని ఎండకును గాలికిని తీసికొనిపోవు ఉపాయమొకటి కలదు. ఆ ఉపాయమును మనవారు పలువురు పరిహసించుచున్నారు. ఆ పరిహాసము తగదని చెప్పుటకే ఈ వ్యాసము.

ఆ ఉపాయమునకు ఇంగ్లీషులో జియోకాషింగు అని పేరు. నేను దానిని జాడవేట అందును. మూత గట్టిగా బిగియు డబ్బాలో ఒక చిన్న పుస్తకమును, పెన్సిలును, పిల్లలు మెచ్చు చిల్లర వస్తువులు కొన్నిటిని ఉంచి, ఒకరు ఆరుబయట ఒకచోట దాచెదరు. ఆ చోటి అక్షాంశ రేఖాంశములను ప్రకటించెదరు. తక్కినవారు చేతిఫోను సాయముతో అక్కడికి చేరి, డబ్బాను వెదకి పట్టి, పుస్తకములో తమ పేరును తేదీని వ్రాసి, దానిని ఉన్నచోట ఉన్నట్లే దాచి వచ్చెదరు. ఆట యింతే.

దీని పుట్టుక మొన్నటిదే. సుమారు ఇరువదివేల కిలోమీటర్ల యెత్తున తిరుగు జీపీఎస్ ఉపగ్రహముల సంకేతమును అమెరికా ప్రభుత్వము పౌరులకు కావలెననియే మసకబరచి ఇచ్చుచుండెడిది. 2000 సంవత్సరము మే నెల ఆరంభమున ఆ మసకను తొలగించినది. ఆ నెల 3వ తేదీన డేవ్ అల్మర్ అనునతడు ఆరెగన్ రాష్ట్రమున పోర్ట్‌లండు నగరమునకు సమీపమున నొక అడవిలో బకెట్టును దాచి, దాని ఉనికిని లోకమునకు తెలిపెను. కొలది దినములలోనే దానిని మరియొకడు కనుగొనెను. నేడు లోకమున ముప్పది లక్షలకు మించి ఇట్టి డబ్బాలు కలవు. మన దేశమున మాత్రము బహు కొద్ది.

ఇది విదేశీయుల వెఱ్ఱి, మన సంస్కృతికిని దీనికిని సంబంధమేమి అనునది మొదటి ఆక్షేపణ. చెన్నపట్టణమున తరతరములుగా నున్న మన కుటుంబములకు పరంగికొండ తెలియనిది కాదు. 1802 ఏప్రిల్ 10వ తేదీన కర్నల్ లాంబ్టన్ ఆ కొండ సమీపముననే గొలుసు పరచి కొలత మొదలిడెను. ఆ కొలత దక్షిణాపథమంతయు ప్రాకి, హిమాలయములవరకు సాగినది. ఆ గొలుసులు మోసినవారును, గుట్టలెక్కి జెండాలు పాతినవారును ఈ దేశపు కూలివారే. భూమి మీద ఒక తావును అంకెలతో గుర్తించు విద్య మన వాకిటనే ఇంత ఘనముగా నడచినది గదా, దాని ఫలమును మన పసివారు అనుభవించినంత మాత్రమున సంస్కృతి ఎట్లు చెడునో చెప్పువారు చెప్పవలెను.

రెండవ ఆక్షేపణ, నిధివేటలు మనకేల అనునది. ఈ మాటకు మన నాట కారణము లేకపోలేదు. లంకెబిందెల ఆశతో పాడుపడిన గుళ్లలో విగ్రహముల క్రింద త్రవ్వినవారును, వీరగల్లులను పెకలించినవారును ఆంధ్రమునను కర్ణాటకమునను ఎందరో కలరు. భూమిలో దొరకిన నిక్షేపము విలువ పదిరూపాయలు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878లోనే ప్రభుత్వము చట్టము చేయవలసివచ్చినది. కాని జాడవేట ఆ వేటకు పూర్తిగా విరుద్ధము. డబ్బాను పాతిపెట్టుటకు గొయ్యి తీయరాదని దీని నియమములలోనే కలదు. డబ్బానుండి ఒక వస్తువును తీసికొన్నచో దానికి సమానమైనదిగాని, మేలైనదిగాని అందుంచవలెను. తినుబండారములు ఉంచరాదు, కత్తులు, బాణసంచ ఉంచరాదు. దారిలో కనబడిన చెత్తను ఏరి తెచ్చుట వేటగాండ్ర ఆచారము.

ముప్పది యేండ్లకు పైగా కచేరీలో దస్త్రముల నడుమ గడపినవాడను గనుక ఒక మాట చెప్పుదును. దస్త్రమును వెదకి తీయువారు పదుగురుందురు. పని తీరినపిమ్మట దానిని తీసినచోట పెట్టువాడు ఒక్కడుండును. కచేరీ నడచునది ఆ ఒక్కనివలన. తరువాత రాబోవు, ముఖమైనను ఎరుగని మనిషికొరకు వస్తువును యథాస్థానమున ఉంచుట అను గుణమును అయిదేండ్ల పసివానికి ఉపన్యాసము లేకుండ నేర్పు ఆట మరియొకటి కలదేని దానిని చూపుడు, నేను దానినే పొగడెదను.

మూడవ ఆక్షేపణ బరువైనది. పిల్లలను ఫోనునుండి తప్పింపలేక తల్లిదండ్రులు వేసారుచుండగా మరల ఫోనునే చేతికిత్తురా అందురు. ఈ ఆటలో ఫోను పని యెంతయో చూతము. బెంగుళూరు ఇంచుమించు 12 డిగ్రీల 58 నిమిషముల ఉత్తర అక్షాంశమునను, 77 డిగ్రీల 35 నిమిషముల తూర్పు రేఖాంశమునను ఉన్నది. యానాం 16 డిగ్రీల 44 నిమిషములు, 82 డిగ్రీల 13 నిమిషములయొద్ద నున్నది. అక్షాంశమున ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు. ఒక నిమిషము దాదాపు 1,850 మీటర్లు. నిమిషమును వేయి పాళ్లు చేసి, ఆ పాలువరకు డబ్బా ఉనికిని చెప్పుదురు. అనగా రెండు మీటర్లకు లోపటి లెక్క. కాని చెట్లనీడన ఫోను అయిదు మీటర్లో, పది మీటర్లో తప్పును. చోటు వచ్చినదని ఫోను చెప్పును, డబ్బా కానరాదు. ఆట మొదలగునది అప్పుడే. ఇక ఫోనును తండ్రి జేబులో వేసికొనవలసినదే. బిడ్డ వంగి చూచును, చుట్టు తిరుగును, ఆకులు తొలగించును, రాతిని తాకి చూచును. పది నిమిషములపాటు ఒకే చెట్టును ఇంత శ్రద్ధతో చూచిన పట్టణపు బిడ్డను మీరు వేరెక్కడ చూచితిరి?

పాములు, ముండ్లు, ఎండ అను భయము న్యాయమైనదే. దానికి విరుగుడు ఇల్లు కదలకుండుట కాదు, వివేకము. ఎనిమిదేండ్లలోపు పిల్లలతో పోవునపుడు ఉదయమున ఎండ ముదురక మునుపే తిరిగి రావలెను. నడక అరకిలోమీటరు మించరాదు. ఒక పూటకు ఒకటి రెండు డబ్బాలు చాలును. తొర్రలోను, బండసందునను పెద్దలు ముందు కఱ్ఱతో కదిపి చూచినపిమ్మటనే పసివారి చేయి పోవలెను. వానకాలమున పెరిగిన గడ్డిలో కాలిడరాదు. ఇంకొక జాగ్రత్త మన దేశమున మరింత ముఖ్యము. దిక్కులేక పడియున్న డబ్బాను చూచినచో జనులు బెదరుదురు, పోలీసులు వత్తురు. కనుక రైలుస్టేషనుల యొద్ద, వంతెనల క్రింద, ప్రభుత్వ కార్యాలయముల చెంత, గుడి ప్రాకారములలో డబ్బా పెట్టనే రాదు. ఎవరి తోటయో వారి అనుమతి గొని, డబ్బాపై అది ఏమియో స్పష్టముగా వ్రాసి మరి పెట్టవలెను.

అట్టి తావులకు డబ్బాలేని వేటయు కలదు. 2004 నుండి భూవిశేషములను చూచుటకై ఒక పద్ధతి నడచుచున్నది. అందు దాచునదేమియు లేదు. ఆ తావునకు పోయి, కన్నులార చూచి, అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పుటయే. బెంగుళూరు లాల్‌బాగులోని బండను చూడుడు. అది సుమారు 300 కోట్ల సంవత్సరములనాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. జాతీయ భూవిజ్ఞాన స్మారకమని భారత భూగర్భ సర్వేక్షణ శాఖ దానిని ప్రకటించినది. దానినెత్తిన కెంపేగౌడ గోపురము నిలిచియున్నది. ఈ నగరమున రెండు మూడు తరములు గడపిన మన కుటుంబములవారు ఆ బండపై కూర్చుండి వేరుసెనగలు తినియుందురు. ఆ రాతిలోని నలుపు తెలుపు చారలను బిడ్డకు చూపి, ఇవి యేల యిట్లు వంకరలు పోయినవని అడిగినవారు ఎందరు?

ఇక అసలు విషయమునకు వత్తును. మన బిడ్డలకు వచ్చిన తెలుగు ఏది? ఆకలి, అన్నము, నీళ్లు, నిద్ర, స్నానము. ఇది వంటయింటికిని నట్టింటికిని చాలిన తెలుగు. వాకిలి దాటగానే కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో, బడిలో ఇంగ్లీషు. కుడియెడమలను తెలుగున చెప్పలేని బిడ్డలున్నారు. గట్టు, వాగు, తూము, కాలిబాట, ఏటవాలు, ఊడ, పొద, చెదపుట్ట, ఈశాన్యము, నైరృతి అను మాటలు వారి చెవిని పడుటకు అవకాశమేది? ఈ వస్తువులు నట్టింట నుండవు గదా! వస్తువు లేనిచోట మాట నిలువదు. మనము ఆ మాటలను పలకమీద వ్రాయించి నేర్పజూతుము. వేదికమీద బిడ్డచేత శతకపద్యము చెప్పింతుము. ఆ పద్యమును ఇంగ్లీషు లిపిలో వ్రాసి బట్టీపట్టించుటయు కలదు. బిడ్డ అర్థమెరుగక చెప్పును. మనము చప్పట్లు చరచి తెలుగు బ్రతికినదని ఇంటికి పోవుదుము. ఇది ఆత్మవంచన.

గత మాఘమాసమున బెంగుళూరునకు వెలుపల బంధువుల మామిడితోపులో ఒక స్టీలు డబ్బాను దాచి, మనుమలనిద్దరిని తీసికొనిపోతిని. అయిదేండ్ల మనుమరాలు దానిని ముందు చూచి, "తాతా, ట్రీలో హోల్ ఉంది, అందులో ఉంది!" అని కేక వేసినది. దానిని తొర్ర అందురమ్మా అంటిని. అంతే. తిరుగుదారిలో గోడలో రాయి ఊడినచోటును చూచి తొర్ర అన్నది. రాత్రి భోజనమువేళ ఏడేండ్ల అన్న నవ్వగా, ముందరిపండ్లు ఊడిన సందును చూపి, "అన్న నోట్లో తొర్ర!" అన్నది. తొర్రిపండ్లు అను మాట ఆ బిడ్డ ఎన్నడును వినలేదు; అయినను భాష పోవు దారిని తానే పోయినది. వెదకి పట్టినచోట దొరకిన మాట అట్లు నిలుచును.

దీనివలన పొరుగుభాషకు తక్కువ చేయుట జరుగదు. దారిలో కనబడిన కానుగచెట్టును తెలుగున కానుగ అని చెప్పుడు. బెంగుళూరులో హొంగె అనియు, చెన్నపట్టణమున పుంగ మరమనియు, బరంపురమునను పూనాలోను కరంజ అనియు చెప్పుడు. రెండు పేర్ల చెట్టు బిడ్డకు రెండింతలు తెలిసిన చెట్టగును. మనము నివసించు నేల మనదికాదన్నట్లు, ఎన్ని తరములైనను సత్రమున దిగినవారివలె బ్రతుకుట ఇక చాలును. ఈ నేలమీద తెలుగున నడచినగాని ఈ నేల మన తెలుగునకు సొంతము కాదు.

సంఘములు చేయదగిన పని సులువైనది. జాడ తెలుపు సూచనలను తెలుగున పొడుపుకథలుగా వ్రాయుడు. "కాళ్లు నూరున్నను కదలని అవ్వ ఒడిలో చూడుము" అన్నచో, మఱ్ఱి ఊడలను కండ్లతో చూచిన బిడ్డ తానే విప్పుకొనును. డబ్బాలోని పుస్తకమున తెలుగు లిపిలోనే పేరు వ్రాయవలెనని నియమించుడు. తన పేరు ముందువచ్చినవారి పేర్ల క్రింద నిలుచుననియు, తరువాత వచ్చువారు చదువుదురనియు తెలిసిన బిడ్డ అక్షరమును శ్రద్ధతో దిద్దును. కాని ఒక హెచ్చరిక. దీనికి బహుమతులు పెట్టకుడు. ఎవరు ముందు, ఎవరు వెనుక అని లెక్కలు కట్టకుడు. ఓడిన పసివాడు ఏడ్చుచు ఇంటికి పోవు పోటీలు మనకు ఇప్పటికే కావలసినన్ని కలవు.

కార్తికమాసమున మనవారు వనభోజనములు చేయుదురు. ఉసిరిచెట్టు క్రింద కూర్చుండి భుజించుట పూర్వాచారము. నేడు పెక్కుచోట్ల కల్యాణమండపమును అద్దెకు గొని, కుండీలో ఉసిరికొమ్మ నాటి, వంటవారు వడ్డింపగా భుజించి, గొడుగైన విప్పక ఇల్లు చేరుచున్నారు. వనములేని వనభోజనమును సంప్రదాయమని మన్నించువారు, వనమునకు పిలుచు ఆటను విదేశీయమని త్రోసివేయుట ఏ న్యాయము? రాబోవు కార్తికమున ప్రతి సంఘమును నిజమైన ఒక తోటను చూచుకొని, భోజనమునకు ముందు గంటసేపు పిల్లలచే జాడవేట ఆడింపవలెనని నా కోరిక. ఖర్చు నాలుగు డబ్బాలు, నాలుగు పుస్తకములు, నాలుగు పెన్సిళ్లు. కార్యవర్గములవారు దీనిని వచ్చు సమావేశముననే చర్చకు పెట్టుదురుగాక.